గంటా పది నిమిషాల ఉద్యోగం

నిరుద్యోగం ఎవరికీ ఊరికే రాదు. ఉద్యోగం ఊడిన మర్నాటి నుంచే తాను నిరుద్యోగినని చెప్పుకు తిరిగే అమాయకులు ఇంకా ఉన్నారు. ఉద్యోగం పోవడం సొంత వ్యవహారం. నిరుద్యోగి కావడం మాత్రం ప్రభుత్వం గుర్తించాల్సిన విషయం. (రెండోదానికే అర్హతలు ఎక్కువ.)

మా బావ ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు పుస్తకాలు బైండింగ్ చేశాడు. ఆ ప్రెస్సు మూతపడింది. రెండు వీధుల అవతల కొత్త ప్రెస్సు పెడుతున్నారు, దానికి బైండరు కావాలి. కానీ ప్రభుత్వ సాయంతో పెడుతున్నది కాబట్టి నిరుద్యోగుల జాబితాలో ఉన్నవాళ్ళనే తీసుకోవాలని నిబంధన. జాబితా నెలాఖరుకు మూసేస్తారు. ఈ పని రాకపోతే కూతురి చదువు ఈ ఏటితో ఆగిపోతుంది. అక్క ఆ మాట రోజుకు రెండుసార్లు అనేది. మూడోసారి అనకుండా చూసి ఊరుకునేది.

మొదటి వారం ఆ జాబితా రాసుకోవడానికి గణన శాఖ నుంచి గణకుడు వచ్చాడు. నిదానస్తుడు, నిజాయితీపరుడు. (ఈ రెండూ కలిసినవాడికంటే లంచగొండి నయమని అక్క అభిప్రాయం.) చంకలో లావుపాటి రిజిస్టరు.

"గత ఏడు రోజుల్లో డబ్బు తీసుకుని కనీసం ఒక్క గంటైనా పని చేశారా?"

"పక్కింటి అమ్మాయి పుస్తకాలు నాలుగు కుట్టిచ్చాను సార్. వద్దన్నా వినకుండా వాళ్ళమ్మ చేతిలో ఏదో పెట్టింది" అన్నాడు బావ.

"ఎంతసేపు పట్టింది?"

"గంటంటే గంట."

"అయితే మీరు ఉద్యోగి. అభినందనలు" అని గణకుడు టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు.

"ఆ మాట చెప్పకపోతే మీ సొమ్మేం పోయింది?" అంది అక్క.

రెండో వారం బావ గడప దాటలేదు. ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

"పని కోసం ఎక్కడైనా వెతికారా?" అన్నాడు గణకుడు.

"లేదు సార్. ఎవరైనా పని చెప్తారేమోనన్న భయంతో బయటికే పోలేదు."

వెతకనివాడు నిరుద్యోగి కాడు. అసలు శ్రామికశక్తిలోనే లేడు. ఆ విధంగా బావ కాలేజీ పిల్లలతోనూ పింఛను తాతలతోనూ ఒకే గడిలో చేరాడు. "విసిగిపోయి వెతకడం మానేసేవాళ్ళు పెరిగితే నిరుద్యోగం తగ్గుతుందండీ" అని గణకుడు ఓపిగ్గా వివరించాడు. (దీన్ని శాఖలో అభివృద్ధి అంటారు.)

మూడో వారానికి నెలాఖరు వచ్చేసింది. ఈసారి అక్క పకడ్బందీగా దిగింది. బావను ఐదు చోట్లకు పంపించి, ఐదు చోట్లా పని లేదనిపించి, సంతకాలు పెట్టించింది. సూదులు, దారం, జిగురు అటకెక్కించి నిచ్చెన పక్కింట్లో దాచింది.

బావ చేతులు తొడల కింద పెట్టుకుని జవాబులు చెప్పాడు. పని చేయలేదు. వెతికాడు.

"రేపే రమ్మంటే పనిలోకి వస్తారా?"

"ఇప్పుడే వస్తాను సార్."

గణకుడు తృప్తిగా తలాడించి రిజిస్టరు తెరిచాడు. దాని వెన్ను పుటుక్కున విరిగింది. ఊరందరి ఉద్యోగాలూ నిరుద్యోగాలూ గదంతా పరుచుకున్నాయి.

"మూడు నెలల లెక్క బాబూ, రేపు పొద్దున్నే పై అధికారికి ఇవ్వాలి" అన్నాడు గణకుడు. నేల మీద కూర్చుండిపోయాడు.

బావ అక్క వైపు చూశాడు. అక్క కిటికీలోంచి బయటికి చూసింది. బావ చేతులు అప్పటికే పేజీల అంచులు సర్దుతున్నాయి. అక్క లేచి వెళ్ళి నిచ్చెన తెచ్చింది. నాకు ఆవిడ మీద అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు, అంత కోపమూ రాలేదు.

గంటా పది నిమిషాలు పట్టింది. గణకుడు జేబులోంచి నోటు తీశాడు.

"వద్దు సార్, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు బావ.

"ఊరికే పని చేయించుకోవడం మాకు నిషేధం" అని నోటు బావ జేబులో కుక్కి, కొత్తగా కుట్టిన రిజిస్టరు తెరిచాడు. అతని కళ్ళు చెమర్చాయి. "కళ్ళారా చూశాక అబద్ధం రాయలేను గదండీ" అంటూ టిక్కు పెట్టాడు. ఉద్యోగి.

ఆ నెల నిరుద్యోగం తగ్గిందని ప్రకటన వచ్చింది. రిజిస్టరులో ఒక్క పేజీ కూడా ఊడలేదని పై అధికారి మెచ్చుకున్నాడట. కొత్త ప్రెస్సుకు మాత్రం బైండరు ఇంకా దొరకలేదు. నిరుద్యోగుల్లో ఆ పని వచ్చినవాడు ఒక్కడూ లేడట.