కంప్యూటర్ క్లాసు అగ్రిమెంటు

పొద్దున్నే ఒక సంతకం పడేసి, చాట ముందేసుకుని బీడీలు చుట్టుకోవాలన్నది ఆనాడు భూమవ్వ ఆలోచన. సంతకం పెట్టాల్సింది కూతురు సృజన కాలేజీ నుంచి తెచ్చిన రెండు పేజీల ఇంగ్లీషు కాగితం మీద. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ క్లాసు నియమాలవి. మధ్యాహ్నం పన్నెండు లోపల తల్లో తండ్రో సంతకం చేసివ్వకపోతే ల్యాబులో సీటు ఉండదు. మిషన్లు ముప్పై, పిల్లలు నలభై మంది.

కానీ ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. భూమవ్వ పెనిమిటి మొగిలయ్య కల్లు గీతకు తాళ్ళెక్కడం మాని గల్ఫుకు పోయేటప్పుడు, డ్రైవర్ పని అన్న ఏజెంటు మాట నమ్మి చదవకుండా సంతకం పెట్టాడు. అక్కడ దిగాక గొర్రెల మంద అప్పగించారు. అప్పటి నుంచి ఇంగ్లీషు కాగితం ఏదైనా, హైదర్ చదివి తల ఊపందే ఆ వాడలో ఎవరూ పెన్ను ముట్టరు. హైదర్ పద్నాలుగేళ్ళు దుబాయిలో ఉండి వచ్చి కోరుట్లలో టైలరు షాపు పెట్టుకున్నాడు. ఆ షాపులో కుట్టిన బట్టలకన్నా విప్పి చెప్పిన అగ్రిమెంట్లే ఎక్కువ.

"అమ్మా, ఇది క్లాసు కాయిదమే. పెట్టు, పోత."

"మీ నాయినకు గుడ గట్లనే చెప్పిండ్రు. నడువు."

షాపులో హైదర్ టేపు మెడలో వేసుకుని, అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. "మూడు దినాలు చెప్పకుంట రాకపోతే పేరు తీసేస్తరట."

"గల్ఫుల గుడ గంతేనట గదా," అంది జాకెట్టు కోసం వచ్చిన గంగవ్వ.

"ల్యాబుల తిండి లేదు, నీళ్ళు లేవు."

భూమవ్వ కాగితం మీదికి వంగింది. "గీ ఎండల నీళ్ళు గుడ ఇయ్యరా?"

"లోపలికి తీస్కపోవద్దని అమ్మా!"

"నువ్వు ఊకో బిడ్డా. ముంగట అందరు గట్లనే చెప్తరు."

"ఒకలి పని ఒకలు చెయ్యద్దు, చేస్తే ఇద్దరికీ సున్న." హైదర్ ఆగాడు. "ఇది మంచిగుంది. దుబాయిల నాతోని ముగ్గురి పని చేయించిండ్రు. కంపెనీ నీతి నియ్యతు గలదే చెల్లె."

"అయితే పెట్టాల్నా అన్నా?"

"ఆగు. వాపసొచ్చే తిరుగుడు టికెటు ముచ్చట ఎక్కడా లేదు."

ఆ మాట పట్టుకుని గంగవ్వ వాడకు పోయింది. అరగంటలో భూమవ్వ ఆడపిల్లను గల్ఫు దేశం తోలుతోందని అందరికీ తెలిసిపోయింది. పక్కింటి మల్లక్క, పిల్ల వెంట పంపడానికని మామిడికాయ తొక్కు జాడీతో షాపుకు పరుగెత్తుకొచ్చింది. ఎవరో ఫోను కూడా కొట్టినట్టున్నారు, గల్ఫు నుంచి మొగిలయ్య కేకలు.

"బిడ్డను ఏ దేశం తోలుతున్నవే? సంతకం పెట్టకు!"

"కాలేజి కాయిదమయ్యా."

"నాకు గుడ కాయిదమనే అన్నరు!"

పదకొండున్నర అయింది. సృజన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హైదర్ కత్తెర పక్కన పెట్టి లేచాడు. "రాసినోన్నే అడుగుదాం, నడువుండ్రి." జాడీతో సహా అందరూ ఆటో ఎక్కారు.

ఆ నియమాలు రాసిన దేవేందర్ సారు గెస్టు లెక్చరరు. సిరిసిల్లలో తండ్రి మరమగ్గాలు ఆగిపోయి, ఇంట్లోవాళ్ళంతా భివండికి పోతే, ఈ కొలువు కోసం ఒక్కడే ఉండిపోయి రోజూ బస్సులో వస్తాడు. జాడీతో సహా దిగిన జనాన్ని చూసి, తనిఖీ అనుకుని లేచి నిలబడ్డాడు.

"సారూ, ఇచ్చిన పని ఆఖరి దినం దాటితే తీసుకోరట. జరమొస్తే?" అన్నాడు హైదర్.

"జరమొస్తే... రెండు దినాలు ఇస్త."

"రాయుండ్రి."

రాశాడు.

"తిండి?"

"మిషన్ల మీద చాయ్ ఒలుకుతదని పెట్టిన భాయ్. వరండాల తినచ్చు."

"రాయుండ్రి. తిరుగుడు టికెటు?"

"ఇల్లు గీడనే గదా!"

"గదే రాయుండ్రి. దినాం పొద్దుగూకకముందే ఇంటికి తోలుతమని."

అదీ రాశాడు. భూమవ్వ పెన్ను తీసుకుని, హైదర్ తల ఊపడం కోసం చూసింది. ఇంతలో సారు తన సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"భాయ్, నా కొలువు కాయిదం గుడ జర చూస్తరా? చేరేటప్పుడు సంతకం పెట్టిన. చదువలే."

"ఇంగ్లీషు మీకు రాదా సారూ?"

"వస్తది. చదివితే చేరబుద్ధి కాదేమోనని చదువలే."

హైదర్ రెండుసార్లు చదివాడు. తర్వాత అద్దాలు తీసి మెల్లగా చెప్పాడు. "ఎప్పుడన్న తీసేస్తరట. ఎందుకో చెప్పరట. ఎంతమంది పని చెప్పినా చెయ్యాల్నట. ఎవలు రాసిండ్రు సారూ, మా అరబ్బా?"

"నీ దానికంటె మా బిడ్డ కాయిదమే నయం సారూ," అంది భూమవ్వ జాలిగా. మల్లక్క జాడీ తెచ్చి సారు టేబులు మీద పెట్టింది.

అప్పుడు హైదర్ తల ఊపాడు. భూమవ్వ సంతకం పెట్టింది. గోడ మీద గడియారం పన్నెండు ఇరవై చూపిస్తోంది.

"సారూ," అంది సృజన ఏడుపు గొంతుతో, "టైమైపోయింది. నా సీటు?"

అందరూ సారు వైపు చూశారు. సారు జాడీ వైపు చూసి, రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. సృజన పేరు ముప్పయ్యో మిషను ముందు ఎక్కింది. ఆలస్యానికి కారణం అన్న గడిలో మాత్రం దేవేందర్ సారు తన పేరే రాసుకున్నాడు.