తుప్పురాణికి లైన్ క్లియర్

మా నాన్న జీపు కొన్న సంగతి మా అమ్మకి ఆ జీపు ఇంటికొచ్చాకే తెలిసింది. అది జీపన్న సంగతి మాత్రం నాన్న చెబితేనే తెలిసింది.

బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో లారీలు తిప్పే గిరిబాబు మామయ్య, అంటే అమ్మకి సొంత తమ్ముడు, దాన్ని తన లారీ మీద వేసుకొచ్చి మా రైల్వే క్వార్టరు పెరట్లో దింపించాడు. దింపగానే ఒక మడ్‌గార్డు ఊడిపడింది. మామయ్య దాన్ని మర్యాదగా ఎత్తి ముందు సీటు మీద పెట్టాడు. సీటు ఊడిపడింది.

"ఏటిది?" అంది అమ్మ.

"జీపు," అన్నాడు నాన్న.

"ఎటేపు నుంచి సూడాలి?"

"బొగ్గు గనులోళ్లు ఏలం ఏసినారే కనకం. నాలుగు సక్రాలకీ బలం ఒస్తాది. కొండలెక్కుద్ది, ఇసకలో ఎల్తాది, ఏరు దాటుద్ది."

"మన పెరట్లో ఏరేదండీ?"

మామయ్య నవ్వాపుకోలేక లారీ ఎక్కేశాడు. "బావా, బండి కదిల్తే కబురెట్టు. కదలకపోనా కబురెట్టు, పాతినుము కొనే కబాడీవోణ్ని నేనే పంపుతాను," అని కిటికీలోంచి అరిచి మరీ వెళ్లాడు.

మా నాన్న అప్పలస్వామి గూడ్సు బళ్ల డ్రైవరు. ఎంత మొండి ఇంజనైనా ఆయన చెయ్యి పడితే దారికొస్తుందని బిలాస్‌పూర్ కాలనీలో మన తెలుగువాళ్లంతా చెప్పుకునేవారు. ఇంజను దిగాక మాత్రం ఆయన నడిచే వెళ్లేవాడు. సైకిలు కూడా ఎక్కగా నేను చూడలేదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ రోజు మేమెవరం గుర్తుపెట్టుకోలేదు, అమ్మ తప్ప.

"అసలు ఇప్పుడు మీకీ తుప్పురాణి దేనికండీ?" అంది అమ్మ. ఆ పేరు అలా పడింది, అలా ఉండిపోయింది.

నాన్న కాసేపు జీపుకేసి చూశాడు. "ఉజ్జోగంలో సేరినకాడ్నుంచి పట్టాలున్న కాడికే ఎల్లేను కనకం. పట్టాల్లేని కాడికి ఒక్కసారైనా నా అంతట నేను ఎల్లాలి."

అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

నేనప్పుడు మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, అప్రెంటిస్ పిలుపు కోసం ఇంట్లో కూర్చుని ఉన్నాను. పాలిటెక్నిక్‌లో నాకు ఇంజన్ని అన్ని వైపుల నుంచీ బొమ్మ గీయడం నేర్పారు. ముట్టుకోవడం మాత్రం మగపిల్లలకే నేర్పారు. కాబట్టి జీపు నాకూ అవసరమే. ఆ మాట పైకి అనలేదు.

నాన్న డ్యూటీ దిగిన ప్రతిసారీ ఓవర్‌హాలింగ్ మొదలయ్యేది. షెడ్డులో ఇంజను చక్రాల్ని తట్టినట్టు, చిన్న సుత్తితో జీపంతా టంగు టంగుమని కొట్టి, చెవి పెట్టి వినేవాడు. పగులుంటే మోత తేడాగా ఉంటుందట. తుప్పురాణి ఎక్కడ తట్టినా తేడాగానే మోగేది. కొన్ని చోట్ల మోగకుండా చిల్లు పడేది.

విప్పిన సామానంతా కిరసనాయిల్లో కడగాలి. కడగడానికి గిన్నె కావాలి. మా ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె ఇడ్లీలది.

"ఇడ్లీ కిరసనాయిలు వాసనొస్తున్నాదేటే?" అన్నాడు నాన్న ఓ పొద్దున్న.

"మీ కార్బొరేటర్‌లో ఇడ్లీ పిండి ఉంటది, సూసుకోండి," అంది అమ్మ.

కడిగిన నట్లూ బోల్టులూ ఎండలో ఆరాలి. అమ్మ వడియాలూ ఎండలోనే ఆరాలి. పెరట్లో ఎండ పడే చోటు ఒక్కటే, దుప్పటీ ఒక్కటే. ఎదురింటి రైలు గార్డు బంగార్రాజు గారు భోజనానికొచ్చిన రోజున ఒక వడియాన్ని చాలాసేపు నమిలి, మర్యాద కొద్దీ ఏమీ అనకుండా, చివరికి అరచేతిలోకి తీసి చూసుకున్నారు.

"అప్పలస్వామీ, యే క్యా హై?"

"అరె, దీనికోసమే మూడ్రోజుల్నుంచీ ఎతుకుతున్నాను! వాషరు!" అని నాన్న దాన్ని తుడుచుకుని పెరట్లోకి పరిగెత్తాడు. బంగార్రాజు గారు ఆ తర్వాత మా ఇంట్లో మజ్జిగ తప్ప ఏదీ ముట్టలేదు.

నెలలు గడిచేకొద్దీ తుప్పురాణి రాణి అయింది, నిజమే చెప్పాలి. ఇంజను స్టార్టయిన రోజున కాలనీలో కాకులన్నీ పక్క స్టేషను ఉస్లాపూర్ వైపు లేచిపోయాయి. బ్రేకులు గట్టివి. హారను ఎంత గట్టిదంటే, మొదటిసారి కొట్టినప్పుడు పక్క క్వార్టర్లో ఎవరో లగేజీతో బయటికొచ్చారు. చక్రాలు జారకుండా ముందు చల్లడానికి ఇసక కావాలని నాన్న వెనక సీటు కింద ఇసక సంచీ పెట్టాడు. రైలింజన్లలో ఉంటుందట. బండి పక్కన తెల్లరంగుతో, మళ్లీ ఓవర్‌హాలింగ్ ఎప్పుడు చెయ్యాలో ఆ తేదీ రాశాడు, వ్యాగన్ మీద రాసినట్టు.

నేను స్టీరింగ్ పట్టుకుని తిప్పి చూశాను. సగం చుట్టు తిప్పినా చక్రాలు ఉలకలేదు.

"నాన్నా, స్టీరింగ్ బాగా లూజుగా ఉంది. చక్రాలు తిరగడం లేదు."

"మంచిదే గదే. సక్రం అటూ ఇటూ తిరిగితే డీరైలవుద్ది."

"ఇది రోడ్డు బండి నాన్నా."

"తర్వాత సూద్దాంలే. ముందు హారన్ గొట్టం తెల్లగా తోము."

స్టీరింగ్ మీద ఆయన చెయ్యి పడగా నేను ఎప్పుడూ చూడలేదు. కండువా ఆరేసుకోవడానికి తప్ప.

అలాంటప్పుడు గిరిబాబు మామయ్య ఉస్లాపూర్‌లో కట్టుకున్న ఇంటి గృహప్రవేశానికి పిలవడానికొచ్చాడు. "అక్కని తీసుకెళ్లడానికి అంబాసిడర్ పంపిస్తాను బావా," అన్నాడు.

"ఏటక్కర్లేదు. మా బండిలోనే ఒస్తాం," అన్నాడు నాన్న.

మామయ్య అమ్మకేసి చూశాడు. అమ్మ మామయ్యకేసి చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

"అచ్ఛా," అంది అమ్మ నెమ్మదిగా. "మీరు నడిపి నన్ను మా తమ్ముడింటి గుమ్మంలో దింపండి. ఇంక ఈ జనమలో తుప్పురాణిని ఏటీ అనను. నడపలేపోతే బండి నాది. కోళ్లగూడు సేస్తానో, కబాడీకి తోసేస్తానో నా ఇష్టం. సరేనా?"

"నడపలేకపోడమేటే? నేనా? బంగార్రాజూ, సాచ్చికం నువ్వు!"

"పక్కా," అన్నారు బంగార్రాజు గారు, మజ్జిగ తాగుతూ.

ఆ వేసవి అమ్మకి హఠాత్తుగా తమ్ముడి మీద ప్రేమ పొంగింది. నాన్న లైను మీదికి వెళ్లిన ప్రతిసారీ "గిరిగాడింట్లో పచ్చళ్లెట్టాలి," అని తిఫ్రా బయల్దేరేది. వచ్చేటప్పుడు ఎర్రబడ్డ అరచేతులతో వచ్చేది. మామయ్య ఇంటికి ఎన్ని మామిడికాయలు వెళ్లాయో గాని, మాకు ఒక్క జాడీ రాలేదు. నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. ఆ ఇంట్లో అడగకుండా ఉండడం కూడా ఒక చదువే.

గృహప్రవేశానికి ముందు, నాన్న డ్యూటీ మీద కట్నీ వెళ్లిన రోజున, అమ్మ ఓ గ్రీజు డబ్బా, మామయ్య లారీ షెడ్డు నుంచి తెచ్చిన సామానూ నా ముందు పెట్టింది.

"జ్యోతీ, నువ్వు సదివిందేటో నాకు తెల్దు గాని, తిప్పితే తిరగాలి. అంతే. మీ నాన్నకి సెప్పకు."

బొమ్మలో చాలాసార్లు గీసిన స్టీరింగ్ బాక్సుని మొదటిసారి చేత్తో విప్పాను. సాయంత్రానికి తిప్పితే తిరిగింది. అమ్మ తిప్పి చూసి, "ఊఁ," అంది. మా అమ్మ దగ్గర అదే డిస్టింక్షన్.

ఆ రోజు రానే వచ్చింది. కాలనీ అంతా గోడల మీద ఉంది. నాన్న డ్యూటీకి వేసుకునే టోపీ పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అమ్మ పట్టుచీరతో, కొబ్బరికాయలతో వెనక కూర్చుంది. నన్ను ఎడమవైపు కూర్చోబెట్టాడు, అసిస్టెంట్‌గా.

"సిగ్నలు సూసి సెప్పాలి. నేను తిరిగి సెప్తాను. అది రూలు."

"సిగ్నలేది నాన్నా?"

బంగార్రాజు గారు వాళ్ల గేటు ముందు యూనిఫాంలో నిలబడి పచ్చజెండా ఊపారు.

"గ్రీన్," అన్నాను.

"గట్టిగా సెప్పు, ఇంజను మోతలో ఇనబడ్డం లేదు!"

"గ్రీన్!"

"గ్రీన్!" అని చెయ్యెత్తి, నాన్న క్లచ్ వదిలాడు.

బండి కదిలింది. ఎంత అందంగా కదిలిందంటే, వెనక అమ్మ చేతిలోని కొబ్బరికాయ కూడా కదల్లేదు. మా గేటు దాటింది. గేటు దాటాక రోడ్డుంది. రోడ్డు మీద ఎడమవైపు తిరగాలి. రోడ్డుకి అవతల బంగార్రాజు గారి కంచె ఉంది.

నాన్న కంచెని చూసి హారను కొట్టాడు. కంచె తప్పుకోలేదు.

"తిప్పండీ!" అంది అమ్మ వెనకనుంచి.

"ఏటి తిప్పాలే?"

బంగార్రాజు గారు పక్కకి దూకారు. దూకుతూ కూడా పచ్చజెండా ఊపుతూనే ఉన్నారు, అలవాటు. బండి కంచెలోంచి, చిక్కుడు పాదులోంచి, బట్టల తీగలోంచి తిన్నగా, ఏ మాత్రం అటూ ఇటూ పోకుండా వెళ్లి, నాన్న బ్రేకు వేస్తే జామచెట్టుకి బెత్తెడు ముందు ఆగింది. బ్రేకులు బ్రహ్మాండం అని చెప్పాను కదా. బానెట్ మీద బంగార్రాజు గారి తెల్ల ప్యాంటు, నాన్న టోపీ మీద ఆయన బనీను. అప్పుడు గుర్తొచ్చి బంగార్రాజు గారు ఎర్రజెండా తీశారు.

బనీను తీయకుండానే నాన్న అన్నాడు:

"మలుపు దానంతటదే తిరుగుద్దనుకున్నాను."

కాలనీలో ఒక్కరూ నవ్వలేదు. అక్కడున్న రైలు డ్రైవర్లంతా అలాగే అనుకున్నారని వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది.

అమ్మ కొబ్బరికాయలు పక్కన పెట్టి దిగింది. కొంగు నడుం చుట్టూ దోపింది.

"అటు జరగండి."

"ఏటి సేస్తావే?"

"ముహూర్తం దాటిపోద్ది. జరగండి."

నాన్న ఎడమ సీటులోకి జరిగాడు. నేను వెనక్కి, కొబ్బరికాయల దగ్గరికి మారాను. అమ్మ అద్దంలో వెనక్కి చూసుకుని, గేరు మార్చి, తను పడగొట్టని కంచెలోంచి చిక్కుడు తీగ ఒక్కటి కూడా తొక్కకుండా రివర్సులో బయటికొచ్చి, స్టీరింగ్ చుట్టూ చేతులు తిప్పి రోడ్డెక్కింది. కాలనీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆ దుమ్మంతా వాటిలోకే వెళ్లుంటుంది.

చాలా దూరం వెళ్లాక నాన్న అడిగాడు. "ఎప్పుడు నేర్సుకున్నావే?"

"మీరు లైను మీదున్నప్పుడల్లా."

"మరి పచ్చళ్లు?"

"గిరిగాడి షెడ్డు గోడే పచ్చడైపోనాది."

"నాకు తిప్పడం రాదని నీకు ముందే తెలుసా?"

"పెళ్లైనకాడ్నుంచి సూస్తన్నాను. మీరు సందు మలుపు తిరిగితే భుజం గోడకి తగుల్తాది."

దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళ్తోంది. ఇంజన్లోంచి నాన్న స్నేహితుడు గోవిందరావు గారు జీపుని గుర్తుపట్టి చెయ్యెత్తారు. స్టీరింగ్ దగ్గర పట్టుచీర చూసి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఎడమ సీటు ఖాళీగా కనబడి ఉంటుంది. నాన్న అప్పటికే వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఉస్లాపూర్‌లో గిరిబాబు మామయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "అక్కా, రైలు గేటుకాడ సెకండ్ గేర్లోకి మార్సేవా? వాహ్!" అన్నాడు. తర్వాత నాన్న మొహం చూసి, "బావా, పాయసం పెట్టించుకో," అన్నాడు. నాన్న పెట్టించుకున్నాడు. మాట్లాడకుండా చాలా పెట్టించుకున్నాడు.

భోజనాలయ్యాక నాన్న జీపు దగ్గరికెళ్లి, పక్కన రాసిన ఓవర్‌హాలింగ్ తేదీని వేలితో తడిమాడు. "కోళ్లగూడా, కబాడీయా?" అన్నాడు, అమ్మకేసి చూడకుండా.

"ఎక్కండి," అంది అమ్మ.

బండి ఇంటివైపు వెళ్లలేదు. ఊరు దాటింది. తారు రోడ్డు మట్టిరోడ్డయింది. మట్టిరోడ్డు బండి జాడయింది. ఆ తర్వాత జాడ కూడా లేదు.

"ఎక్కడికే?"

"మీరే అన్నారు గదా. పట్టాల్లేని కాడికి." అమ్మ బండి ఆపి ముందుకి చూసింది. "నాకూ తెల్దు ఎటెల్లాలో. సిగ్నలు సెప్పండి."

ముందు స్తంభం లేదు, జెండా లేదు. ఎటు చూసినా గడ్డి, మధ్యలో ఓ గేదె. నాన్న టోపీ సర్దుకుని, ఎప్పుడూ చూడని లైను చూసినట్టు చాలాసేపు చూశాడు.

"గ్రీనే," అన్నాడు, లోగొంతుకతో.

అమ్మ గేరు వేసింది.

"గట్టిగా సెప్పండి, ఇంజను మోతలో ఇనబడ్డం లేదు!"