మృగశిర నాడు తొట్టి కడిగితే

గోపీకృష్ణ ఆ ఉదయం వేసుకున్న లెక్కలో తప్పేమీ లేదు. పదింటికి కొల్లాపూర్ నుంచి హైదరాబాదు బస్సు, రాత్రికి విశాఖపట్నం రైలు. ఈలోగా గాజుతొట్టిలో పాతనీళ్లు తోడి, గులకరాళ్లు కడిగి, కొత్తనీళ్లు నింపి, వేళకు మేత వేసే యంత్రం బిగించాలి. అతను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. చేపలంటే ప్రాణం.

భార్య కరుణకు సముద్రం చూడాలని పెళ్లయిన నాటి నుంచీ కోరిక. ఏటా ఎండాకాలం సెలవుల్లో ప్రయాణం అనుకోవడం, ఏదో ఒక చేపకు మచ్చలు రావడమో మోటారు చెడిపోవడమో జరగడం, ప్రయాణం ఆగిపోవడం. ఈసారి ఆమె అలగలేదు, బతిమాలలేదు. టికెట్లు తనే తీయించి, సంచులు సర్దుకుని ఊరుకుంది. గోపీకృష్ణ దాన్ని ఓర్పు అనుకున్నాడు.

ఒక్క సంగతి మరిచాడు. ఆ రోజు మృగశిర కార్తె. ఆనాడు ఇంట్లో చేప ఉడక్కపోతే ఏడాదంతా ఒళ్లు బాగుండదని పాలమూరు నమ్మకం. ఈదురుగాలులకు జాలర్ల పుట్టీలు కృష్ణలోకి దిగక, మార్కెట్లో చేప తోక కూడా లేదు. అలాంటి పొద్దున అతను నాలుగు చేపలున్న నీలం టబ్బును తెచ్చి గేటు బయట, నీడ ఉందని, అరుగు మీద పెట్టాడు.

"చాపలెంతకిస్తున్రు సారూ?" ఎరువుల దుకాణం పరశురాములు బండి ఆపి అడిగాడు.

"అమ్మేటియి కావు. పెంచుకునేటియి."

"ఏం చాపలు?"

ఇక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. చదువు ఊరుకోనివ్వదు కదా. "కోయి అంటరు. అసలైతే మనం వండుకునే బంగారుతీగ జాతే," అన్నాడు.

పరశురాములు బండికి స్టాండు వేసి ఫోన్ తీశాడు. బంగారుతీగ వచ్చిందన్న కబురు కాలనీ అంతా పాకింది. మన వైపు వరుస కనబడితే ముందు నిలబడతారు, దేనికో తర్వాత అడుగుతారు. కాసేపట్లో గేటు ముందు సంచులతో, గిన్నెలతో జనం.

"అమ్మనంటున్న కద," అన్నాడు గోపీకృష్ణ.

"అమ్మకుంటే బయటెందుకు వెట్టిన్రు? పెద్దసార్లకు దాస్తున్నరా?"

"చాపలల్ల గూడ రికమండేషనే," అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

అతను ఎంత గట్టిగా కాదంటే వాళ్లు ధర అంత పెంచారు. ముసలి ఈదమ్మ అరుగుకు ఒరిగి కూర్చుంది. "నాకు దమ్ము బీమారి బిడ్డా. తలకాయ ముక్కన్న ఇయ్యి."

టబ్బు విడిచి పోతే చేపలుండవు. లోపలికి తెద్దామంటే తొట్టిలో చుక్క నీరు లేదు. "కరుణా, జర తొట్టి నింపు. నల్లా నీళ్లు పొయ్యకు, బ్లీచింగుంటది. డ్రమ్ముల నిలవబెట్టినయి పొయ్యి," అని కేకేశాడు.

సంచులతో గుమ్మంలోకి వచ్చిన కరుణ ఆగింది. "మా అమ్మకు నల్గొండ బోరు నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంకరవొయినయి. ఆమె ఏ నీళ్లు తాగుతాందని ఒక్కనాడు అడగలే మీరు."

మాట గుచ్చుకుంది. కానీ అప్పుడే ఎవరో టబ్బులో చెయ్యి పెట్టారు. అతను అటు తిరిగాడు.

ఆటో వచ్చింది. కూతురు నిహారిక ముందే ఎక్కి కూర్చుంది. గోపీకృష్ణ టబ్బుకు రెండు చేతులూ అడ్డం పెట్టి, "రేపటి బస్సుకు పోదాం," అన్నాడు.

"పోయినేడు గూడ రేపే అన్నరు," అని కరుణ ఆటో ఎక్కింది. జనం ఆమెకు మర్యాదగా దారి ఇచ్చి, ఖాళీ దొరికింది కదా అని ఇంకాస్త ముందుకు జరిగారు.

బస్సు వెళ్లిపోయిన తర్వాత, చౌరస్తాలోకి చేపల వ్యాను వచ్చిందని కబురొచ్చింది. క్షణంలో వీధి ఖాళీ. ఈదమ్మ చివరగా లేచి, టబ్బులోకి తొంగిచూసి, "గియ్యన్ని ముండ్లే," అని పోయింది.

గోపీకృష్ణ తొట్టి నింపాడు. చేపల్ని వదిలాడు. యంత్రం బిగించి, మోటారు తిప్పి చూశాడు. అన్నీ కుదిరాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చేపలు అతను లేకుండా బతకడానికి సిద్ధంగా ఉన్నాయి. సంతోషం పట్టలేక ఫోన్ చేశాడు.

"అయిపోయింది కరుణా. మధ్యాహ్నం బస్సుకొస్త. రైలు టైముకు స్టేషన్ల ఉంట. నా బెర్తు ఏదో చెప్పు."

"మీకు బెర్తు లేదు." ఆమె గొంతులో కోపం లేదు, అదే అతన్ని భయపెట్టింది. "మూడోది అమ్మ పేరు మీద తీసిన. నల్గొండల ఎక్కుతది."

"ఎప్పుడు తీసినవ్?"

"అన్ని ఒక్కనాడే తీసిన."

అతను కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. గాజు వెనక నాలుగు చేపలు నోళ్లు తెరిచాయి. లేవబోయాడు. ఈలోగా యంత్రం మేత వేసేసింది.

మర్నాడు సాయంత్రం కరుణే ఫోన్ చేసింది. అమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, బయటికి రమ్మంటే రావడం లేదని చెప్పింది. వెనక అలల చప్పుడు వినబడుతోంది.

"సముద్రం నిండ చాపలేనంట," అంది. "ఎవ్వలు నీళ్లు మారుస్తలేరు."