రోడ్డు లేని కొండకు ఫస్ట్ ప్రైజు

ఊరికి రోడ్డు లేకపోవడమంత అదృష్టం ఇంకొకటి లేదు!

నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. రోడ్డున్న ఊళ్లో ఏముంటుంది? దుమ్ము, హారన్లు, పెరుగు ప్యాకెట్టుకు కూడా స్కూటీ తీసే జనం. రోడ్డు లేని ఊళ్లోనో? గాలి, కండ, ఆకలి! అక్కడికి షుగరు జబ్బు రావాలన్నా కొండెక్కి రావాలి. సగం దూరంలోనే ఆయాసమొచ్చి వెనక్కి పోతుంది.

ఈ రహస్యం ఫారిన్ వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ఆల్ప్స్ పర్వతాల లోయల్లో రాళ్లూ బురదా ఉన్న కాలిబాటలు ఏరి, వాటికి రంగు గుర్తులు పెట్టి, ఛాతీకి నంబర్లు తగిలించుకుని మరీ పరిగెడతారు. దాని పేరు ట్రైల్ రన్నింగ్. ఎంత జారితే అంత గొప్ప రూటు. మోకాలు చిట్లితే దాన్ని 'టెక్నికల్ రూట్' అని మెచ్చుకుంటారు. అదే మోకాలు మన పంచాయతీ రోడ్డు మీద చిట్లితే మనం అర్జీ పెడతాం. ఎంత వెనకబడి ఉన్నామో చూశారా?

ఆ వెనకబాటు పోగొట్టడానికే విశాఖ నుంచి మురళీమోహన్ వచ్చాడు. మొదటి అంతస్తుకు లిఫ్టులో వెళ్లి, ఆదివారం కొండెక్కడానికి డబ్బు కట్టే జనానికి పరుగులు ఏర్పాటు చేయడం అతని వ్యాపారం. బొబ్బిలి దాటాక కొండల్లో తిరిగి తిరిగి చివరికి గెడ్డమీదివలసను పట్టుకున్నాడు. తారురోడ్డు కొండ కిందే ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఊరిదాకా ఒకటే కాలిబాట. దాన్నిండా బండలు, ముళ్లపొదలు, అడ్డంగా పారే గెడ్డ. చూడగానే అతనికి కళ్లు చెమర్చాయట! 'తూర్పు కనుమల ఆల్ప్స్: టెక్నికల్ రూట్' అని పోస్టరు వేయించేశాడు.

ఆ ఊరివాడే సత్యరాజు. ఆ బాట అందం అతనికి ఇంకో రకంగా తెలుసు.

అక్కడ నెలలు నిండిన మనిషిని కర్రకు కట్టిన డోలీలో మోసుకుని దించాలి. కిందికి చేరేదాకా బిడ్డ ఆగదు. అందుకే ఆ ఊళ్లో చాలామందికి పుట్టిన ఊరు లేదు, పుట్టిన మలుపు ఉంది. సత్యరాజు గెడ్డ దగ్గర పుట్టాడు. అతని కొడుకు, మలుపులో బాటకు అడ్డంగా ఉన్న చింతబండ దగ్గర పుట్టాడు. అతని అక్క మాత్రం పురిటికి దిగుతూ ఆ చింతబండ దాటలేకపోయింది.

ఇప్పుడు అతని భార్య శాంతికి మళ్లీ నెలలు నిండుతున్నాయి. సత్యరాజు రోజూ కొండ అంచున నిలబడి ఆ బాటకేసి పాముపుట్టను చూసినట్టు చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒకరోజు తెల్లారేసరికి బాట పొడవునా చెట్లకు నారింజ రంగు రిబ్బన్లు వేలాడుతూ కనిపించాయి!

గెడ్డమీదివలసకు ఇలాంటి గుర్తులు కొత్త కాదు. ఒక ఎన్నికల ముందు రోడ్డు సర్వే అని ఎర్ర జెండాలు పాతారు. ఇంకో ఎన్నికల ముందు రాళ్లకు సున్నం కొట్టారు. కొలిచినవాళ్లు కొలుచుకుపోయారు, రోడ్డు మాత్రం రాలేదు. శాంతి తండ్రి ఎజ్రా ఊళ్లోని బాప్టిస్టు చర్చికి పెద్ద. ఆయన ఒక రిబ్బను వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంత మెరిసే గుడ్డ కట్టారంటే ఈసారి నిధులు గట్టిగానే దిగాయని తేల్చాడు. మనమే కాస్త చదును చేసి పెడితే వచ్చేవాళ్లకు వంక దొరకదన్నాడు.

ఇంకేం! ఆదివారం ఆరాధన కాగానే ఊరంతా గునపాలు, పారలు పట్టుకుని దిగింది. పొదలు నరికారు, బండలు దొర్లించారు, గెడ్డలో రాళ్లు పేర్చారు. ఆ వారమంతా అదే పని. చింతబండ దొర్లుకుంటూ లోయలోకి పోతుంటే, చప్పుడు ఆగిపోయాక కూడా సత్యరాజు అటే చూస్తూ నిలబడ్డాడు.

పరుగుకు ముందురోజు మురళీమోహన్ జీపులో వచ్చాడు. కొండ కింద ఆగిపోవాల్సిన జీపు ఆగలేదు. తిన్నగా ఊళ్లోకే వచ్చేసింది! అతను తల పట్టుకున్నాడు. పాపం, అతను జనానికి అమ్ముకున్నది ఆ బండల్నే కదా. కొట్లో సరుకంతా రాత్రికి రాత్రి మాయమైతే షావుకారు గతేమిటి?

"ఎవరండీ ఇదంతా చేసింది?" అన్నాడు.

"మేమే బాబూ. రోడ్డుకే గదా ఈ గుడ్డలు కట్టినారు," అన్నాడు ఎజ్రా.

"రోడ్డుకి కాదండీ. పరుగుకి."

"పరుగేటి? ఎవులు తరుముతారు?"

"ఎవరూ తరమరు. వాళ్లంతట వాళ్లే పరిగెడతారు."

ఎజ్రా కాసేపు ఆలోచించాడు. "పాపం," అన్నాడు.

రోడ్డు కాదని తెలిసి ఊరి మొహం వాడిపోయింది. మురళీమోహన్ మాత్రం తొందరగానే తేరుకున్నాడు. వ్యాపారస్థుడు మరి! పోస్టరు మీద 'టెక్నికల్ రూట్' కొట్టేయించి 'ఫ్యామిలీ రన్' అని రాయించాడు. ఎలాగూ దారి పడింది కాబట్టి, కొండ కింద పెట్టాల్సిన అంబులెన్సును ఊరి నడిబొడ్డునే పెట్టించాడు. ఊరివాళ్లకు ఎంట్రీ ఫ్రీ, పైగా టీషర్టు, అరటిపళ్లు. సత్యరాజు కూడా నంబరు తగిలించుకున్నాడు. శాంతికి ఇంకా వారం పైనే ఉందని మంత్రసాని తాతమ్మ చెప్పింది కదా అని ధీమా.

తాతమ్మ లెక్క తప్పింది.

పరుగు కింద మొదలై, ఊరిదాకా ఎక్కి, మళ్లీ అదే బాటన దిగాలి. సత్యరాజు అందరికంటే ముందు ఊళ్లోకి వచ్చాడు. భుజాన డోలీ లేకుండా ఆ కొండెక్కడం అతనికి సెలవురోజులా ఉంది. వెనక్కి తిరగాల్సిన చోట మామ ఎదురొచ్చాడు. శాంతికి నొప్పులు మొదలయ్యాయి.

అంబులెన్సు ఇంటి ముందే ఉంది. లోపల నర్సు పద్మకుమారి ఉంది. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. బండిలో డీజిలూ ఉంది. అయినా ఎక్కించడానికి వీల్లేదు! ఎందుకంటే అది రన్నర్ల బండి. ఈలోగా ఏ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చీలమండో బెణికితే ఎవరు జవాబు చెబుతారు? నంబరున్న వాళ్లనే ఎక్కించాలని పద్మకుమారికి గట్టిగా చెప్పి మరీ పంపారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె శాంతి మొహంలోకి చూడలేకపోయింది.

"నంబరుంటే ఎక్కిస్తారేటి?" అన్నాడు సత్యరాజు.

"నంబరుంటే రన్నరే కదా," అంది పద్మకుమారి నెమ్మదిగా.

సత్యరాజు తన ఛాతీ మీది నంబరు ఊడబీకి, అవే పిన్నీసులతో శాంతి పమిటకు గుచ్చాడు. పద్మకుమారి ఆ నంబరు చూసింది, ఆ కడుపు చూసింది. రూలంటే రూలే!

"ఎప్పటినుంచమ్మా పరుగు?"

"తొమ్మిది నెల్లనుంచీ," అంది శాంతి పళ్లబిగువున. "బేగి ఎక్కించు తల్లీ."

'రన్నర్. కడుపునొప్పి' అని రాసుకుని పద్మకుమారి, సత్యరాజును కూడా లోపలికి లాగి తలుపు వేసేసింది.

బండి కొండ దిగుతోంది. ఎదురొచ్చే రన్నర్లు పక్కకు తప్పుకుని చప్పట్లు కొడుతున్నారు. చింతబండ మలుపు కోసం సత్యరాజు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో దాటిపోయింది.

కథ అయిపోయిందనుకున్నారా? ఆ నంబరు వెనక, ఎవరు ముందొచ్చారో లెక్కకట్టే ఒక చిన్న చిప్ ఉంటుంది. కొండ కింద ఫినిషింగ్ ఆర్చి తప్ప బండికి వేరే దారి లేదు. అంబులెన్సు ఆర్చి కింద నుంచి దూసుకుపోగానే మిషను కుయ్యిమంది, బోర్డు మీద మొదటి స్థానంలో సత్యరాజు పేరు వెలిగింది! రెండోవాడు అభ్యంతరం చెప్పాడనుకోండి. కానీ బొబ్బిలి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టిన కబురు రాగానే అతనే సెల్ఫీ కోసం బయల్దేరాడు. ఆ పిల్ల మలుపులో కాదు, మంచం మీద పుట్టింది. మెడలో మెడల్‌తో ఆ పసిదాని ఫొటో ఫోన్లన్నీ తిరిగింది.

ఇప్పుడు చెప్పండి. రోడ్డే ఉంటే ఆ పిల్లకు మెడల్ వచ్చేదా?

నెల తిరక్కుండా మురళీమోహన్ మళ్లీ వచ్చాడు. వచ్చే ఏడాది పరుగు ఇంకా ఘనంగా చేస్తాడట. అయితే ఒక చిన్న కోరిక. దొర్లించిన బండల్ని దయచేసి ఎక్కడివక్కడ పెట్టేయాలి. రోడ్డు సంగతి ఎజ్రా అధికారుల చెవిన వేసి చూశాడు. ఇంత పేరొచ్చిన ట్రైల్ మీద తారు పోసి పాడుచేస్తామా అన్నారట వాళ్లు. మామూలు రోజుల్లోనేమో మ్యాపులో లేని దారికి ఏ అంబులెన్సు బండీ రాదు.

ఎజ్రా కాదనలేదు. బండలన్నీ తామే మోసుకొచ్చి పెడతామన్నాడు. ఆ చింతబండను కూడా. కాకపోతే ఆయనకూ ఒక చిన్న కోరిక ఉంది.

"ఆ బండలెట్టేలోగా, ఈస్టరుకి ఇంకో పరుగెట్టండి బాబూ. మా రెండోపిల్ల గ్లోరీకి అప్పటికి నెలలు నిండతాయి."

"ఈస్టరంటే ఎండలండీ. రన్నర్లు ఒక్కరూ రారు," అన్నాడు మురళీమోహన్.

"రాకపోతే పోన్లెండి," అన్నాడు ఎజ్రా. "బండొస్తే సాలు."