పాలగదికి ప్రథమ బహుమతి

ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేయడమేమంటే, మధ్య జావాలో ఒక చిన్న ఊరి భూమి రికార్డుల కార్యాలయం తల్లుల సంక్షేమంలో జిల్లాకే దారి చూపింది. తల్లులు పాలు పిండుకోవడానికి అక్కడ ఒక గది వెలిసింది. గులాబిరంగు సోఫా, చిన్న ఫ్రిజ్, గోడమీద నవ్వే పాప బొమ్మ. ప్రారంభోత్సవం నాడు పెద్ద అధికారి హర్జోనో, అక్కడి మర్యాదలో పాక్ హర్జోనో, గోపురంలా పేర్చిన పసుపన్నం కొన కోసి, మాతృత్వం మీద ముప్పావుగంట మాట్లాడి, గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. వాడితే మాసిపోతుందన్న ముందుచూపు అందరికీ ఉండదు.

గుమాస్తా లాస్మినీ మూడు నెలల సెలవు ముగించుకుని, పసిదాన్ని అత్తగారికి అప్పగించి వచ్చింది. ఆమెకు మరుగుదొడ్డి ఉండనే ఉంది. తలుపుకు గడియ లేదు కనుక ఒక కాలితో అదిమిపట్టి సీసాలోకి పిండుకునేది. బయట ఎవరు దగ్గినా పాలు ఆగిపోయేవి. రోజురోజుకీ సీసా అడుగంటింది. ఇంటికి వెళ్తే పసిది రొమ్ము లాగిలాగి ఏడ్చేది. దాంతోపాటు లాస్మినీ కూడా ఏడ్చేది.

మంత్రసాని పర్తినా విషయం విప్పి చెప్పింది.

"పాలు తయారుచేసే హార్మోను ఒకటి, బయటికి తోసేది ఇంకోటి అమ్మాయ్. ఆ రెండోదానికి సిగ్గూ భయమూ ఎక్కువ. నువ్వు బెదిరితే అది రాదు. పాలు తియ్యకపోతే మొదటిదీ పని మానేస్తుంది."

నడుము నొప్పి అంటే, పాలిచ్చినన్నాళ్లూ రొమ్మే ఎముకలకు కబురు పెట్టి సున్నం, అంటే కాల్షియం, తెప్పించుకుంటుందనీ, పాలు మాన్పించాక ఎముకలు మళ్లీ పూడుకుంటాయనీ, ఈలోగా ఎండుచేపలు ముళ్లతో సహా నమలమనీ చెప్పింది. అర్జీ అడగకుండా పనిచేసే శాఖ ఒకటుందని లాస్మినీకి అప్పుడే తెలిసింది. ఎముకలే ఇస్తుంటే అధికారి తాళంచెవి ఇవ్వరా అని ధైర్యం చేసి అడిగింది.

"జిల్లాలో ఉత్తమ పాలగది పోటీ ఉందమ్మా, కాస్త ఓపిక పట్టు. సోఫా మీద మరక పడితే మన పరువేం కాను?" అన్నారు హర్జోనో.

పోటీ రోజు ఆరుగురు న్యాయనిర్ణేతలు వచ్చారు. ఆరుగురూ మగవాళ్లే, కనుక నిష్పాక్షికతకు లోటు లేదు. గదిలో ఒక తల్లి ఉంటే శోభగా ఉంటుందని వారు సెలవిచ్చారు. లాస్మినీని సోఫాలో కూర్చోబెట్టి, చేతికి ప్లాస్టిక్ పాపను ఇచ్చి ఫొటోలు తీశారు. ఇంతలో బయట కౌంటరు ముందు వరుసలో ఎవరి బిడ్డో కేర్‌మంది. బిడ్డ ఎవరిదని హార్మోను విచారణ జరపదు. లాస్మినీ చొక్కా తడిసింది, తర్వాత సోఫా తడిసింది. న్యాయనిర్ణేతలు పైకప్పును పరిశీలించారు. హర్జోనో దీన్ని సాంకేతిక లోపమని మనవి చేసుకున్నారు.

అయినా ప్రథమ బహుమతి వచ్చింది. మర్నాడే తలుపుకు నోటీసు పడింది: పరిశుభ్రత దృష్ట్యా తల్లులకు ప్రవేశం లేదు.

లాస్మినీ నోటీసు చదివింది. నేరుగా తన సీటుకు వెళ్లి, కౌంటరు వెనకే పైగుడ్డ కప్పుకుని సీసా తీసింది. హర్జోనో పరుగున వచ్చారు.

"ఇదేంటమ్మా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి పాక్. నిన్న బొమ్మకిస్తుంటే మీరంతా చూశారు కదా."

ఎందరు దగ్గినా ఆ రోజు పాలు ఆగలేదు, సీసా నిండింది. వరుసలో ఉన్న నలభై మందీ, అందరూ ఏదో ఒక తల్లి ఎముకల సున్నంతో నిటారుగా నిలబడ్డవాళ్లే, గోడవైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత సభ్యత కోసం ఆమె మీద ఒక ఫిర్యాదు రాసి తలా ఒక సంతకం పెట్టారు. మీరక్కడుంటే పెట్టేవారు కాదనుకోండి. ఆ నలభై మందీ కూడా తమ గురించి అలాగే అనుకునేవారు.