నొప్పి లేని మోకాలికి పరామర్శ

ఆదివారం పొద్దున్నే ఆళ్ళగడ్డలో బస్సెక్కి, ఆట మొదలయ్యేలోగా నంద్యాల మైదానంలో ఉండాలన్నది క్రాంతి కుమార్ ఆలోచన. ఆ రోజు జిల్లా హాకీ ఫైనల్. బంతి అతని కర్రకు తగిలితే గోలే. చిక్కల్లా, ఫైనల్ అనేసరికి అతనికే ఏదో ఒకటి తగిలేది. ప్యాపిలిలో మోకాలు, పగిడ్యాలలో మడమ, ఒకసారి బహుమతి అందుకోబోయి బొటనవేలు, ఇంకోసారి దండ వేయించుకుంటూ మెడ. అతని ఎక్స్‌రేలన్నీ పేర్చితే నిండు మనిషి తయారవుతాడనీ, పుర్రె ఒక్కటే తక్కువనీ ఊళ్ళో చెప్పుకునేవారు.

"ఈ తూరి గూడా ఆడకపోతే జట్టులోంచి నీ పేరు కొట్టేస్తా" అని కోచ్ నరసింహులు ముందే తేల్చేశాడు.

ఆ పొద్దున క్రాంతికి ఎక్కడా నొప్పి లేదు. తల్లి కమలమ్మకు అదే భయం. పక్కింటి అంకమ్మ గోడ మీదుగా పలకరించింది.

"ఏం వదినా, మీవోడు బాగుండాడా?"

బాగున్నాడంటే దిష్టి. ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరూ బాగున్నామని ఒప్పుకోలేదు.

"యాడ బాగు? మోకాలు పట్టుకునుండాది" అంది కమలమ్మ.

క్రాంతి బూట్లు వేసుకుని బయటికొచ్చేసరికి వసారా నిండా బంధువులు, చేతుల్లో రొట్టె ప్యాకెట్లు, అరటిపండ్లు.

"నాకేం కాలేదు" అన్నాడు.

"పాపం, నొప్పి దాచుకుంటాండాడు" అంది అంకమ్మ, రొట్టె అతని చేతిలో పెడుతూ.

"కుంటు నాయనా, నా మాట పోతాది" అని కమలమ్మ చెవిలో గొణిగింది.

క్రాంతి కుంటాడు. చాలా బాగా కుంటాడు, అలవాటే కదా. అది చూసి కట్లు కట్టే రంగయ్య ముందుకొచ్చాడు.

"ఏ కాలప్పా?"

క్రాంతి తడుముకుని కుడికాలు చూపించాడు.

"కుంటింది ఎడమది గదా! అంటే నొప్పి తిరుగుతాండాది."

తిరిగే నొప్పికి రెండు వైపులా దారి మూయాలి గనుక, రంగయ్య రెండు మోకాళ్ళకూ గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. కట్టు ఆరేలోపు బస్సు వెళ్ళిపోయింది. వంగని మనిషిని ఆటోలో అడ్డంగా పడుకోబెట్టారు. నంద్యాల దాకా లారీలు అతని పాదాలకు దారి ఇచ్చాయి.

మైదానంలో ఆట ఆఖరికొచ్చింది. గోల్స్ సమానం.

"ఏందప్పా ఇది? ఈ తూరి రెండా?" అన్నాడు నరసింహులు.

"దెబ్బేం లేదు సార్. దిష్టి తగలకుండా మాయమ్మ అబద్ధం చెప్పింది. దానికి కట్టు కట్టినారు."

నరసింహులుకూ తల్లి ఉంది కాబట్టి కట్టు సంగతి ఇంకేమీ అడగలేదు.

"నిలబడతావా?"

"అదొక్కటే చేయగలను సార్."

తీసుకెళ్ళి ఎదుటివాళ్ళ గోలు ముందు నిలబెట్టారు. "పాపం, దెబ్బ తిన్నోడు, వాని జోలికి పోవద్దండ్రా" అని ఎదుటి జట్టు అతన్ని వదిలేసింది. బంతి దొర్లుకుంటూ వచ్చింది. మోకాళ్ళు వంగకపోయినా నడుం వంగింది. గోలు!

జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. దూలంలా బిగుసుకున్న మనిషి భుజాల మీద ఎంతసేపు ఆగుతాడు? జారిపడ్డాడు. చెయ్యి విరిగింది. కట్లు ఉండబట్టి మోకాళ్ళకు ఏమీ కాలేదు.

సాయంత్రం కమలమ్మ పెద్ద గిన్నెతో కాఫీ కాచి వాకిట్లో ఎదురుచూసింది. ఒక్కరూ రాలేదు. ఉండబట్టలేక అంకమ్మను పిలిచింది.

"ఏం వదినా, మావోనికి నిజంగానే చెయ్యి ఇరిగింటే ఎవురూ రారేంది?"

"పొద్దున్నే వచ్చి పోయినాం గదా వదినా," అంది అంకమ్మ. "ఒక్క ఫైనల్‌కు ఎన్ని తూర్లు రొట్టెలు తెస్తారు?"