ధనలక్ష్మి గోడ, సర్కారు కెమెరా

గోడ కూలడం ప్రకృతి పని. కూలిందని తేల్చడం ప్రభుత్వం పని. ఈ రెంటిలో మొదటిది సులువు.

గురజాల పక్క ఊళ్లో ధనలక్ష్మి ఇంటి వీధివైపు మట్టిగోడ కార్తీకమాసపు తుపానుకు కూలిపోయింది. (ముందస్తు అనుమతి తీసుకున్న దాఖలా లేదు.) వర్షనష్ట ఛాయాచిత్ర విభాగం వారు జీపులో వచ్చారు. సర్కారు కెమెరాతో ఫోటో తీశారు. అది కంప్యూటర్లో చేరేదాకా అక్కడ మట్టిపెళ్ల కూడా కదపరాదని ఆదేశించి వెళ్లారు. గోడ ఉండాల్సిన చోట రెండు పాతచీరలు కట్టి, కూతురు లిఖితతో ఆమె అందులోనే కాపురం చేస్తోంది. ఆదేశం సంగతి తెలియని కుక్కలు యథేచ్ఛగా వచ్చిపోతున్నాయి.

పుష్యమాసం చలి మొదలయ్యాక ధనలక్ష్మి ఆఫీసుకు వెళ్లింది. పర్యవేక్షకుడు అమర్నాథ్ మర్యాదస్తుడు. ఎదుటి మనిషిని నిలబెట్టి ఎంతసేపైనా ఓపిగ్గా మాట్లాడతాడు.

"ఫోటో కెమెరా కార్డులో భద్రంగా ఉంది పెద్దమ్మా. కంప్యూటర్లోకి దిగట్లా."

"ఎందుకు దిగదయ్యా?"

"ఈ కంప్యూటర్ని నడిపే సాఫ్ట్‌వేరు లినక్స్. మామూలుది కాదు. ఉచితంగా వచ్చిందని పైవాళ్లు పెట్టిచ్చారు. ఊరికే వచ్చింది ఎప్పుడన్నా పని చేసిద్దా?"

"మా లిఖిత సెల్లులో కూడా తీసిందిగా. అది చూడండి."

"అది సొంత ఫోటో. చెల్లదు."

ధనలక్ష్మికి ఒళ్లు మండింది. అయినా పని తనదని గొంతు తగ్గించుకుని, ఆ కార్డు కంప్యూటర్లో ఎక్కడ పెడతారో చూపించమంది. అమర్నాథ్ చూపించాడు. ఆ సందు నిండా కుంకుమ.

దసరాకు ఆ ఆఫీసులో ఆయుధపూజ ఘనంగా చేశారు. జీపుకు, బీరువాకు, కంప్యూటర్‌కు గంధం రాసి బొట్లు పెట్టారు. కంప్యూటర్‌కు నుదురు ఎక్కడో తెలియక, మధ్యలో కనిపించిన సందునే నుదురుగా తీర్మానించారు. అప్పటినుంచి కార్డు లోపలికి పోలేదు. నింద మాత్రం లినక్స్ మీద పడింది.

కుంకుమ తీయడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం పురోహితుణ్ణి సంప్రదించి మంచిరోజు చూసింది. ఆ రోజున ధనలక్ష్మి ఎదుటే సందు శుభ్రం చేసి కార్డు పెట్టగానే, లినక్స్ రెప్పపాటులో ఫోటో తెరిచింది. (ఆ ఆఫీసులో అడిగిన వెంటనే పని చేసింది అదొక్కటే. అనుమానం రాక మానుతుందా?)

ఫోటోలో అమర్నాథ్ మధ్యలో ఉన్నాడు. అటూ ఇటూ సిబ్బంది భుజం భుజం కలిపి, ఈ మూల నుంచి ఆ మూల దాకా నిలబడి ఉన్నారు.

"గోడేదయ్యా?" అంది ధనలక్ష్మి.

"మా ఎనకాల ఉంది."

"కాస్త పక్కకు జరిగితే ఏం పోయింది?"

"జరిగితే తనిఖీకి మేం వచ్చినట్టు ఎట్టా తెలుస్తది పెద్దమ్మా?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఛాయాచిత్రాన్ని నిశితంగా పరిశీలించగా సదరు ఇంటి వీధివైపు ఖాళీ ఎక్కడా కనపడలేదనీ, అడ్డు పటిష్ఠంగా ఉన్నదనీ, కనుక నష్టం లేదనీ అందులో ఉంది.

ధనలక్ష్మి ఆ కాగితం అమర్నాథ్ బల్ల మీద పెట్టింది. "అయితే ఆ అడ్డును ఇయ్యాళ్టి నుంచి మా ఇంటికి పంపండి సారూ. చలికి పిల్ల నిద్రపోవట్లా."

అమర్నాథ్ కాదనలేదు. అర్జీ పెట్టి, ఫోటో జతపరచమన్నాడు.